వెనక ఎడమది

షువైఖ్‌ల పగటి రెండింటికి
నీడ గూడ గోడకు అతుక్కొని నిలబడ్తది.
అప్పుడొచ్చింది సలోమి సిస్టరు,
పన్నెండేండ్ల షెవర్లే, నాలుగు గుండు టైర్లు.

"టైర్లు మాత్రమే తమ్ముడూ,
ఇంకేవీ నాకు చెప్పొద్దు."

సరే అన్న.
స్టీరింగు ముంగట తొంగిచూస్తే
పసుప్పచ్చ దీపం మీద ప్లాస్టర్ ముక్క.
సూది గుచ్చినంక చేతికి అంటిస్తరే, అసొంటిది.
"ఎన్ని దినాలైంది అక్కా?"
"రెండేళ్లు. రాత్రి డ్యూటీకి పోతుంటే
కంట్లో పొడిచేది. మూసేశా."

జాకీ ఎక్కియ్యకముందే స్కానర్ పట్టిన.
మూడు చక్రాలు ఉలుకు లేదు, పలుకు లేదు.
వెనక ఎడమది మాత్రం
ఇరవై రెండు, ఇరవై రెండు అంటున్నది.
ముప్పై అయిదు ఉండాలె.
ప్లాస్టర్ కింద ఎవ్వలికి చెప్పుకుంటున్నదో ఇన్నొద్దులు.

మఫీజుల్ ఇనుప పట్టీతోని రిమ్ము నుంచి రబ్బరు పెకిలిస్తే
పాత గాలి బుస్సున ఎల్లింది.
దానికొక వాసన ఉంటది,
శానా ఏండ్లు తెరవని సూట్‌కేసు వాసన.
లోపల, వాల్వు మొదట్ల,
అగ్గిపెట్టెంత గూడ లేదు, సెన్సారు.
తుడిచి ఆమె చేతిల పెట్టిన.

దీని కడుపుల బ్యాటరీ ఉంటదక్కా.
మైనం పోసినట్టు మూసేసిండ్రు, మార్చరాదు.
ఏడేండ్లో పదేండ్లో చక్రంతోటే గిరగిర తిరుక్కుంట
గాలెంతున్నదో బండికి చెప్తది.
అయిపోయినంక చెప్పదు.
చెప్తలేదని చెప్పేదే ఆ దీపం.

"ఎంత?"
ఒరిజినల్ పద్నాలుగు దినార్లు, కాపీ ఏడు.
ఇయ్యాల టైరు ఇప్పే ఉన్నది, కూలి పడదు.
వచ్చే నెల వస్తే మల్ల ఇప్పుడు, మల్ల ఎక్కిచ్చుడు,
మల్ల బ్యాలెన్సు.
ఆమె పెదవులు కదిలినయ్.
దేంట్ల నుంచి తీసి దేంట్ల పెడ్తున్నదో.
నేను పానాల డబ్బా దిక్కు తిరిగిన.
లెక్క చేసుకునేటోళ్ల ముఖం చూడొద్దు.

కొత్త టైరు చెంప మీద నాలుగంకెలుంటయ్,
ఏ వారంల పుట్టింది, ఏ ఏట పుట్టింది.
"చదువుకో అక్కా, పాత సరుకు అంటగడ్తరు"
ముదీర్ వినకుంట అన్న.
నేను పుట్టిన వారం మా అవ్వకే యాదికి లేదు.
బతాకల జూలై ఒకటి అని ఉంటది.
మా రూముల ఆరుగురం,
అయిదుగురం జూలై ఒకటే.

"మూడు మార్చు. కాపీలే వెయ్యి."
నాలుగోది గూడ మారిస్తే మంచిది,
ఇంకో ఏడాది కంటె ఎక్కువ రాదు అన్న.
"బతికున్నదాన్ని ఎందుకు పీకుతావ్?"
దుకాణం నేర్పిన జవాబు నోటిదాక వచ్చింది.
మింగిన.

మూడో చక్రం బిగిస్తుంటే
నా చేతి వెనక తోలు రెండు వేళ్లతోని పట్టి లాగి ఇడిసింది.
తోలు లేచి అట్లనే నిలబడ్డది,
చిన్న గుడారం లెక్క.
అది కూలేదాక ఇద్దరం చూసినం.
"పొద్దున్నుంచి ఎన్ని నీళ్లు తాగావ్?"
లెక్క లేదక్కా.
"ఉచ్చ రంగు చూసుకుంటావా?"
మఫీజుల్‌కు తెలుగు రాదు గాని నవ్విండు.
ఆమె నవ్వలేదు.
సంచిల నుంచి ఓఆర్ఎస్ పాకీట్లు రెండు తీసి
పానాల మధ్యల పెట్టింది.

ఇగ బండికి కొత్తవాటిని పరిచయం చెయ్యాలె.
ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ,
వరుస తప్పితే మల్ల మొదటికి.
ఒక్కొక్క చక్రానికి కొంచెం గాలి ఇడిస్తే
బండి గుర్తుపట్టి చిన్నగ హారన్ కొడ్తది.

కొట్టింది.
కొట్టింది.
కొట్టింది.
నాలుగోదానికాడ ఆగింది.
గాలి సుయ్యిమంటనే ఉన్నది,
ఆమె తలుపు మీద చెయ్యేసి నిలబడ్డది,
నా చెవుల చెమట కారుతున్నది.
మల్ల కొంచెం ఇడిసిన.

అప్పుడు కొట్టింది.
మిగతావాటి కంటె గట్టిగనే కొట్టిందని మఫీజుల్ అంటడు.
హారన్ ఒక్కటే కదరా అన్న.

ఆమె గోటితోని ప్లాస్టర్ పీకింది.
దీపం లేదు. జిగురు మరక మిగిలింది.
బండి ఎన్కకు తీస్తూ అద్దం దించి
"ముందు తాగు" అన్నది.

సచ్చిన మూడింటిని నిడో డబ్బాల ఏసిన.
పాకీటు చింపి సీసాల కలిపితే
నీళ్లు వేడి టీ లెక్కనే ఉన్నయ్.
ఉప్పు, ఎనక కొంచెం నారింజ.